గేటు మడత మధ్యలో పెద్దసారు

ఏ రోజు పేపరైనా తీసి జిల్లా పేజీలు తిప్పండి. ఎక్కడో ఒక మూల ఆ ఫొటో ఉంటుంది. పెద్దమనుషులు వరసగా నిలబడి, తలా ఒక కాగితం ఛాతీకి ఆనించుకుని, కెమెరా వైపు చూస్తుంటారు. కింద 'కరపత్రం ఆవిష్కరణ' అని రాసి ఉంటుంది. మా వైపు అన్నిటికీ ఆవిష్కరణే. క్యాలెండరుకు ఆవిష్కరణ, క్రికెట్ పోటీల పోస్టరుకు ఆవిష్కరణ, రక్తదానం కరపత్రానికి ఆవిష్కరణ. ఆ కాగితంలో ఏముందని ఆ వరసలో ఎవర్నైనా అడగండి, పక్కవాడి వైపు చూస్తారు.

గ్రాఫిక్ డిజైన్ చదువుతున్న పిల్లలూ, ఇది మీ కోసమే రాస్తున్నాను. కరపత్రానికి ఏ మడత వేయాలో ఎట్లా నిర్ణయించాలని మీ పుస్తకాల్లో చక్కగా రాసి ఉంటుంది. విషయం ఎంత ఉంది, కాగితం ఎంత మందం, చదివేవాడు ఎక్కడ నిలబడి చదువుతాడు, అన్నీ ఉంటాయి. ఒక్కటి మాత్రం ఉండదు. పెద్దమనిషి ఛాతీ. నా ఉద్యోగమంతా ఆ ఛాతీతోనే పోరాడాను. ఎప్పుడూ ఓడిపోయాను, ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారి కూడా గెలిచింది నేను కాదు.

నేను కరీంనగర్ దాన్ని. చివరి పోస్టింగు ఆదిలాబాద్‌లో పడింది. మా కాలేజీలో డిజైన్ విభాగమంటే నేనూ, ఒక డ్రాయింగు సారూ, సగం పనిచేసే కంప్యూటర్లూ. ఆ డ్రాయింగు సారు చేతిలో మంచి గీత ఉండేది, నోట్లో మాత్రం ఒకే మాట ఉండేది. ప్రిన్సిపాల్ ఏమన్నా "కరెక్ట్ సార్" అనేవాడు. ప్రిన్సిపాల్ తుమ్మినా అదే మాట. టీ తాగుతూ నాతో మాట్లాడేటప్పుడు మాత్రం ప్రిన్సిపాల్‌ను కడిగి ఆరేసేవాడు. అటువంటి మనిషి ప్రతి ఆఫీసులో ఒకడు ఉంటాడు, మీకూ దొరుకుతాడు, కంగారు పడకండి.

ఆ ఏడు మా ఆఖరు సంవత్సరం పిల్లలకు ఒక నిజమైన పని దొరికింది. పత్తి రైతులకు మార్కెట్ యార్డులో పంచడానికి వ్యవసాయం ఆఫీసువాళ్లకు ఒక కరపత్రం కావాలి. పత్తి తడి లేకుండా ఎట్లా తేవాలి, ఏ కాగితాలు వెంట తెచ్చుకోవాలి, గులాబీ రంగు పురుగు పడితే ఎట్లా గుర్తుపట్టాలి, ఇవీ విషయాలు. పిల్లలందరూ తలా ఒక నమూనా చేయాలి. బాగున్నది అచ్చుకు పోతుంది. అదే వాళ్ల ప్రాజెక్టు, అదే వాళ్ల మార్కులు.

పాత పేపర్లు పంచిపెట్టి మడతలు నేర్పాను. ఉత్తరంలాగా మూడు పలకల మడత, ఇటొకటి అటొకటి తిరిగే జెడ్ మడత, అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి మడిచే నాలుగు మడత, రెండు అంచులూ వచ్చి మధ్యలో తలుపుల్లాగా కలుసుకునే గేటు మడత. "ఇప్పుడు ఆలోచించి ఎంచుకోండి" అన్నాను. ఆలోచించమనడం నా పొరపాటు. మెట్‌పల్లి పిల్లాడొకడు విసనకర్ర మడతలు వేసుకుని వచ్చాడు. ఒక కొస వాడు పట్టుకుంటే ఇంకో కొస పోయి నా కుర్చీ కింద దూరింది.

"ఎవరు చదవాలిరా ఇంత పొడుగు?"

"చదువుడు కాదు మేడం, చూసుటానికి మంచిగుంటది" అన్నాడు.

ఇంకొకడు వాళ్లక్క పెళ్లి పత్రిక చూసి గేటు మడత వేసి, దానికి బంగారు రంగు తీగలు అల్లాడు. పత్తి రైతును పురుగు మందుకు పిలుస్తున్నాడో పెళ్లి భోజనానికి పిలుస్తున్నాడో తెలియలేదు.

ఇక అసలు మనిషి. నస్పూర్ నుంచి వచ్చిన పిల్ల. వాళ్ల బాపు బొగ్గుబాయిలో పనిచేస్తాడు. ఆ పిల్లకు చేతిలో పనుంది, కానీ నోరు ఆగదు. అంతకు ముందటేడు ఆఖరు సంవత్సరం ప్రాజెక్టు వైవాలో ప్రిన్సిపాల్ ఏదో అడిగితే "గా ప్రశ్ననే తప్పు సార్" అన్నది. ప్రశ్న నిజంగానే తప్పు. ఫెయిలయింది. మళ్లీ రాసుకోవడానికి వచ్చి జూనియర్లతో కూర్చున్నది. మంచిర్యాలలో ఒక ప్రెస్సువాళ్లు ఆమె పని చూసి ముచ్చటపడి, పాసైన కాగితం పట్టుకుని వచ్చెయ్యమన్నారు. వాళ్ల బాపు మాత్రం ఒక్క మాట చెప్పి పంపాడట.

"గీసారి గూడ గాకపోతె బట్టల దుకాణంల మాట్లాడి పెట్టిన, పోయి చీరెలు మడతపెట్టు అన్నడు మేడం" అని ఆ పిల్లే నాకు చెప్పింది. నవ్వుతూనే చెప్పింది గానీ కళ్లు నవ్వలేదు.

"అయితే ఈసారి నోరు మూసుకుని చెయ్యి" అన్నాను.

"నోరు మూసుకుంట. ఒక్కపారి నాతోటి మార్కెట్‌కు రాండ్రి."

పోయాము. యార్డు బయట ట్రాక్టర్లు, బండ్లు బారులు తీరి ఉన్నాయి. అందరి కనుబొమ్మల మీదా పత్తి నూగు. ఒక ట్రాక్టరు నీడలో ముసలాయన ఒకాయన కూర్చుని బీడీ తాగుతున్నాడు. ఈ పిల్ల పోయి ఆయన ముందు చతికిలబడి, క్లాసు పిల్లల నమూనాలన్నీ సంచిలోంచి తీసి ఒక్కొక్కటే చేతిలో పెట్టింది.

ఆయన ఒక్కోటీ తెరిచి చూశాడు. బాగుందన్నాడు. తర్వాత దాన్ని సగానికి మడిచాడు, మళ్లీ సగానికి మడిచాడు, బొడ్డులోంచి ఒక పాలిథిన్ కవరు తీశాడు. అందులో పట్టా పుస్తకం, ఆధార్, బ్యాంకు పుస్తకం ఉన్నాయి. వాటి పక్కన దూర్చాడు. మూడు పలకల మడతదీ అంతే. జెడ్ మడతదీ అంతే. మా మెట్‌పల్లివాడి విసనకర్రను కూడా మోకాలి మీద పెట్టి నొక్కి నొక్కి నాలుగు చేశాడు.

"ఎందుకు బాపూ, మడిచే ఉన్నది గద?" అన్నది పిల్ల.

"మీ మడత మీది. గిట్ల మడిస్తెనే కవర్ల వడ్తది బిడ్డా. వాన కొట్టినా తడువది."

ఆ పిల్ల నా వైపు తిరిగి కనుబొమ్మలు ఎగరేసింది. అంత పొగరుగా చూడాల్సిన పని లేదు, నాకు అర్థమైంది. మనం ఏ మడత వేసి ఇచ్చినా జనం తమ మడత తాము వేసుకుంటారు. అప్పుడు పైకి ఏది కనిపిస్తుందన్నదే ప్రశ్న.

వారం తిరగకుండానే నమూనా తెచ్చింది. నాలుగు మడత. మడిచినప్పుడు సరిగ్గా ఆ కవరులో పట్టే కొలత. కవరులోంచే కనిపించేలాగా ముందు వైపు, పత్తి ఎట్లా ఆరబెట్టి తేవాలో పెద్ద అక్షరాలతో తెలుగులో. వెనక వైపు అదే, మహారాష్ట్ర సరిహద్దు ఊళ్ల రైతుల కోసం మరాఠీలో, హాస్టల్లో ఉండే సావాసగత్తెతో రాయించిందట. తెరిస్తే పురుగు బొమ్మలు, కాగితాల వివరాలు. మడతలు రెండూ కలిసే నడిమి చోట మాత్రం ఒక్క అక్షరం లేదు.

"ఇక్కడ ఖాళీ ఎందుకు వదిలావు?"

"అన్నిటికన్న ముంగట గక్కడ్నే చిరుగుతది మేడం. చిరిగే కాడ మాటెందుకు పెట్టాలె?"

నేను ఆ పూట ఇంటికి పోయి చాలా సంతోషంగా అన్నం తిన్నాను. ఇంత కాలం పాఠం చెప్పినందుకు ఒక్కతైనా నా కన్నా బాగా చేసిందని పొంగిపోయాను. సంతోషం మరుసటి రోజు వరకే. ఎందుకంటే మరుసటి రోజు నమూనాలు ప్రిన్సిపాల్ గదికి పోయాయి.

మా ప్రిన్సిపాల్ ఆ నాలుగు మడతను రెండు వేళ్లతో పట్టుకుని ఎత్తి చూశాడు. "ఏందమ్మా ఇది, బస్సు టికెట్ లెక్క?"

"రైతు కవర్ల పట్టాలెనని సార్" అన్నది పిల్ల.

"రైతు సంగతి తర్వాత. ఆవిష్కరణకు పెద్దసారు వస్తుండు. గిది ఛాతీ మీద పెట్టుకుంటె గుండీ అనుకుంటరు." పెద్దసారంటే మా వైపు నాయకుడు.

"కరెక్ట్ సార్" అన్నాడు డ్రాయింగు సారు.

ప్రిన్సిపాల్ కుప్పలోంచి ఆ పెళ్లి పత్రికలాంటి గేటు మడతను లాగాడు. ఆయన మొహం వెలిగింది. రెండు చేతులతో తెరవొచ్చు, గుడి తలుపులు తెరిచినట్టు ఉంటుంది, వీడియోలో దర్జాగా పడుతుంది అన్నాడు. పైన పెద్దసారు ఫొటో పెద్దగా వేసి, ఎర్ర రిబ్బను కట్టాలన్నాడు. ఆ నమూనా చేసినవాడికి అంత పని చేతకాదని ఆయనకూ తెలుసు. అందుకే ఈ పిల్లను చేయమన్నాడు. చేస్తేనే ప్రాజెక్టు పాసని, నా ముందే, మెత్తగా నవ్వుతూ చెప్పాడు.

పిల్ల మొహం మాడ్చుకుని నిలబడింది. తర్వాత అడిగింది. "ఫొటో ఎక్కడ పెట్టాలె సార్?"

"మధ్యల."

"గేటు మడతకు మధ్యల కోత వస్తది సార్."

"పెద్దసారు మధ్యల ఉండకపోతె ఎక్కడుంటడు, మూలకా?"

"కరెక్ట్ సార్."

నేను కలగజేసుకున్నాను. సార్, తెరిచినప్పుడు ఫొటో రెండుగా విడిపోతుంది, ఎడమ తలుపు మీద పెడదాం అన్నాను. ప్రిన్సిపాల్ నా వైపు జాలిగా చూశాడు. "మేడం, మీరు మరీ టెక్నికల్‌గ ఆలోచిస్తరు" అన్నాడు. నేను టెక్నికల్ కాలేజీలో పనిచేస్తున్నానన్న సంగతి ఆయనకు ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

బయటకు వచ్చాక పిల్ల కళ్లు తుడుచుకున్నది. "గిది జేసుడు కన్న చీరెలు మడతపెట్టుడు నయం మేడం" అన్నది. "చెయ్యి బిడ్డా. చెప్పింది చెప్పినట్టు చెయ్యి. నీ నాలుగు మడతను మాత్రం పారెయ్యకు" అన్నాను. అంతకన్నా ధైర్యం చెప్పే మాట ఆ రోజు నా దగ్గర లేదు.

చేసింది. చెప్పింది చెప్పినట్టే చేసింది. నమూనా పట్టుకుని మేమిద్దరం ప్రిన్సిపాల్ గదికి పోయాము. ఆయన దాన్ని మూసి ఉన్నది మూసి ఉన్నట్టే ఛాతీకి ఆనించుకుని, డ్రాయింగు సారుతో ఫోన్లో ఫొటో తీయించుకున్నాడు. బ్రహ్మాండం అన్నాడు.

"ఒక్కపారి తెరిచి సూడుండ్రి సార్" అన్నది పిల్ల.

ఆయన ఉలిక్కిపడ్డాడు. "తెరిచేది పెద్దసారు. ముంగట మనమే తెరిస్తె అది ఆవిష్కరణెట్లయితది?"

దీనికి డ్రాయింగు సారు కూడా కరెక్ట్ సార్ అనడానికి ఒక్క క్షణం తడబడ్డాడు. కానీ అన్నాడు. కాగితం అచ్చుకు పోయింది. కట్టలు కట్టలుగా వచ్చింది. తెరిచి చూసినవాళ్లం మేమిద్దరమే, మీరూ చూడండని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది.

ఆవిష్కరణ రోజు మార్కెట్ యార్డులో షామియానా వేశారు. రైతులు ట్రాక్టర్లు దిగి వచ్చి కూర్చున్నారు, మా బీడీ ముసలాయన ముందు వరసలోనే ఉన్నాడు. వేదిక మీద పెద్దసారు, ఆయన చుట్టూ ఇంకా కొందరు పెద్దలు, చివర మా ప్రిన్సిపాల్. అందరి చేతుల్లో ఎర్ర రిబ్బన్ల కరపత్రాలు. పిల్ల నా పక్కన నిలబడి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నది. ఏం జరిగినా తప్పు తన మీదికే వస్తుందని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

పెద్దసారు రిబ్బను లాగాడు. కెమెరాల వైపు నవ్వి, రెండు చేతులతో గేటు తెరిచాడు. జనానికి కనిపించాలని ఎత్తి, వాళ్ల వైపు తిప్పి మరీ తెరిచాడు.

ఏం చెప్పను! ఆయన ముఖం ముక్కు మీదుగా నిలువునా చీలింది. ఒక కన్ను, సగం మీసం ఈ చేతికి పోయాయి. ఇంకో కన్ను, మిగతా మీసం ఆ చేతికి పోయాయి. ఆ రెండు సగాల నడుమ నుంచి, అరచెయ్యంత గులాబీ రంగు పురుగు, నిగనిగలాడుతూ బయటకు వచ్చింది.

అప్పుడు మా ముసలాయన నోట్లో బీడీ తీసి, ఎంతో చింతగా అన్నాడు. "అరె బాబా! సార్ లోపట పురుగున్నది!"

ఇక ఆగుతారా! ముందు వరస పగలబడి నవ్వింది. వెనకవాళ్లు "కాయ్ ఝాలా? కాయ్ ఝాలా?" అని ఏమైందో అడుగుతుంటే ముందువాళ్లు మరాఠీలో చెప్పడం, అక్కడ ఇంకో నవ్వు లేవడం. తక్కిన పెద్దలు కూడా తమ తమ గేట్లు తెరిచేసి ఉన్నారు, వేదికంతా పురుగులే. డ్రాయింగు సారు షామియానా గుడ్డ వైపు తిరిగి భుజాలు కదిలిస్తున్నాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నారు చాలామంది.

పెద్దసారు కాగితం తన వైపు తిప్పుకుని చూసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఎవరయ్యా ఇది జేసింది?"

ప్రిన్సిపాల్ నోరు తెరిచాడు. ఆయన చూపు మా వైపు వచ్చింది. పిల్ల గోళ్లు నా చేతిలో దిగాయి. కానీ ఇది మా పిల్ల చేసిందంటే, మరి కాలేజీలో మీరేం చూశారని అడుగుతారు కదా. అది ఆయనకు తట్టినట్టుంది. చెమటలు కక్కుతూ ఇట్లా అన్నాడు.

"ఇది... ఇది అసలుది కాదు సార్. ఊకె నమూనా. అసలుది వేరే ఉన్నది."

"ఏదీ? తియ్యి."

ప్రిన్సిపాల్ డ్రాయింగు సారు వైపు చూశాడు. డ్రాయింగు సారు అలవాటు కొద్దీ "కరెక్ట్ సార్" అన్నాడు.

నా చేతిలో ఉన్న చెయ్యి జారిపోయింది. చూసేసరికి పిల్ల వేదిక మెట్లు ఎక్కుతున్నది. సంచిలోంచి తన నాలుగు మడత తీసి పెద్దసారు చేతిలో పెట్టింది. "గిదే సార్ అసలుది."

ప్రిన్సిపాల్‌కు గొంతులో వెలక్కాయ పడింది. కాదంటే చూపించడానికి ఇంకోటి లేదు. "అవ్ సార్, గిదే! మా పిల్లనే జేసింది. మంచి పిల్ల. మొత్తం నా గైడెన్సుల" అన్నాడు.

పెద్దసారు దాన్ని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, తెరిచాడు, మూశాడు. "నా ఫొటో లేదేంది?"

నోరు మూసుకో తల్లీ అని మనసులో మొక్కుకున్నాను. అది మూసుకుంటుందా!

"మడత మీద ముఖం వెడితె చిరుగుతది సార్. మీ ముఖం చిరుగొద్దని పెట్టలే."

పెద్దసారు ఒక చేతిలో ఉన్న తన రెండు సగాలను చూశాడు. ఇంకో చేతిలో ఉన్న చిన్న కాగితాన్ని చూశాడు. "అదీ నిజమే" అని నసిగి, ఆ చిన్నదాన్ని చొక్కా జేబులో పెట్టుకోబోయాడు. సరిగ్గా పట్టింది. ఫొటోగ్రాఫర్లు గోల పెడితే మళ్లీ తీసి పూర్తిగా విప్పారు. ఉన్నది ఒకటే కాపీ. పెద్దలందరూ తలా ఒక అంచు దొరకబుచ్చుకుని, చీర బేరమాడుతున్నట్టు నిలబడి ఫొటో దిగారు. అదే మరునాడు పేపర్లో వచ్చింది, ప్రిన్సిపాల్ మార్గదర్శకత్వంలో విద్యార్థిని వినూత్న రూపకల్పన అని.

పొద్దున్నే ఆ పేపరు బల్ల మీద పరిచిపెట్టుకుని ప్రిన్సిపాల్ నన్ను పిలిచాడు. ఆయన పళ్లు కొరుకుతున్న చప్పుడు గుమ్మంలోకే వినిపించింది. ఆ పిల్లను ఫెయిల్ చేయాలని ఆయనకు ప్రాణం కొట్టుకుంటున్నది. చేస్తే ఆ మార్గదర్శకత్వం కూడా ఫెయిలవుతుంది. "పాస్ చెయ్యుండ్రి మేడం. మార్కులు మాత్రం ఎక్కువ వద్దు" అన్నాడు. అట్లాగే సార్ అని వచ్చి, వేయగలిగినన్ని వేశాను.

ఫలితం కాగితం చేతికి వచ్చిన రోజు ఆ పిల్ల దాన్ని సగానికి మడిచి, మళ్లీ సగానికి మడిచి, వాళ్ల బాపు ఇచ్చిన పాలిథిన్ కవరులో పెట్టుకున్నది. "బట్టల దుకాణమాయనకు జెప్పాలె మేడం, నేను రానని" అన్నది. అని, నా భుజం మీద తల పెట్టి బోరున ఏడ్చేసింది.

నాలుగు మడత కరపత్రం ఆ సీజనంతా యార్డులో పంచారు. కట్టలు కట్టలుగా మిగిలిపోయిన గేటు మడతలు మా క్యాంటీన్‌కు చేరాయి. మిర్చిబజ్జీ అడిగితే ఒకరికి ఎడమ కన్ను వచ్చేది, ఒకరికి కుడి కన్ను వచ్చేది.

పురుగు బొమ్మను సరిగ్గా అక్కడే ఎందుకు పెట్టావని ఆ పిల్లను తర్వాత అడిగాను. "పురుగు మంచిగ కనవడాలెనని వ్యవసాయం ఆఫీసోళ్లే జెప్పిన్రు మేడం" అని అమాయకంగా మొహం పెట్టింది. ఆ మొహాన్ని నేను ఇప్పటికీ నమ్మను.

నేను రిటైరై కరీంనగర్ వచ్చేశాను. ఆ పిల్ల మంచిర్యాల ప్రెస్సులో ఇప్పుడు డిజైన్ పనంతా చూసుకుంటున్నది. మొన్న ఫోన్ చేసింది.

"మేడం, మన ప్రిన్సిపాల్ సార్ రిటైరైతుండు. సన్మానం కార్డు నాకే ఇచ్చిండు."

"ఏం మడత?"

"గేటు మడతే గావాల్నట."

"ఫొటో?"

"ఎడమ తలుపు మీద వెట్టు బిడ్డా, మధ్యల మాత్రం అస్సలొద్దు అన్నడు."

నా సర్వీసు మొత్తంలో పాఠం ఇంత బాగా ఒంటబట్టిన విద్యార్థి ఇంకొకరు లేరు. "మరి తెరిస్తే లోపల మధ్యలో ఏం పెట్టమన్నాడే?" అన్నాను.

"గది నీ ఇష్టం అన్నడు మేడం" అని ఫోన్ పెట్టేసింది.

కార్డు వచ్చేదాకా నాకు కాలు నిలవలేదు. వచ్చింది. ఎడమ తలుపు మీద ఆయన, నిండుగా, చెక్కు చెదరకుండా ఉన్నాడు. కుర్చీలో కుదురుగా కూర్చుని, రెండు చేతులతో తెరిచాను. లోపల మధ్యలో విచ్చుకున్న తెల్లని పత్తికాయ ఒకటి, దాని కింద 'మా సారుకు' అని చిన్న అక్షరాలు. పురుగు లేదు. కళ్లజోడు పెట్టుకుని, ఆకుల చాటున కూడా వెతికాను. లేదు. ఆ పిల్ల నా కన్నా మంచిది, ఏం చేస్తాం.